ఎస్‌టీపీ (స్పానింగ్ ట్రీ ప్రోటోకాల్) ఆన్‌లోనే ఉంది, అయినా లూప్ ఎలా వచ్చింది?

యాక్సెస్_పోర్ట్:

అందరికీ నమస్కారం. మా దగ్గర ఎ, బి, సి అని మూడు మేనేజ్డ్ స్విచ్‌లు ఉన్నాయి. ఒక కేబుల్ పోయినా పని ఆగకూడదని త్రిభుజంలా కలిపాం. ఎ–బి ఫైబర్, మిగతా రెండూ కాపర్, అన్నీ 1 గిగాబిట్. గేట్‌వే, సర్వర్లు ఎ మీద ఉన్నాయి. వీల్యాన్ (ఒకే స్విచ్‌ల మీద విడదీసిన వేరు నెట్‌వర్క్) 10, 20 వాడుతున్నాం, ప్రతి వీల్యాన్‌కీ వేరే స్పానింగ్ ట్రీ (ఫ్రేములు చుట్టూ తిరిగే లూప్ రాకుండా అదనపు లింకులను మూసి ఉంచే ఏర్పాటు). మోడ్ పాత 802.1డి (స్పానింగ్ ట్రీ పాత ప్రమాణం), సెట్టింగులేవీ మార్చలేదు. మ్యాక్ అడ్రస్‌ల (పరికరాల హార్డ్‌వేర్ అడ్రస్‌ల) చివరి బైట్లు: ఎ 30, బి 20, సి 10 (ముందు భాగం అన్నిటికీ ఒకటే).

మూడు సందేహాలు.

1. మూడింటిలో పాతదైన సి రూట్ (ట్రీకి మూలమైన స్విచ్) అయింది. ఎ–బి లింకు ఎ వైపున బ్లాక్ అయింది. నిజానికి ట్రాఫిక్ ఎక్కువ ఉండేది ఆ లింకు మీదే. దీన్ని ఎవరు, ఎలా నిర్ణయించారు? ప్రయారిటీ 32768 ఉండాల్సింది 32778 అని చూపిస్తోంది, అదేమిటి?

2. కంప్యూటర్‌కి కేబుల్ పెట్టాక నెట్‌వర్క్ రావడానికి అర నిమిషం పడుతోంది. కొన్నిసార్లు డీహెచ్‌సీపీ (ఐపీ అడ్రస్‌లు పంచే సేవ) నుంచి ఐపీ అసలు రావట్లేదు.

3. ఇదే అసలు సమస్య. ఒక టేబుల్ దగ్గర 5 పోర్టుల అన్‌మేనేజ్డ్ స్విచ్ ఉంది. దానిలో ఒకే కేబుల్ రెండు చివరలూ ఎవరో గుచ్చేశారు. వీల్యాన్ 10 మొత్తం స్తంభించింది. స్పానింగ్ ట్రీ ఉన్నదే లూప్ ఆపడానికి కదా?

---

రూట్_బ్రిడ్జి:

మొదటిదానికి జవాబు మీరిచ్చిన మ్యాక్ అడ్రస్‌లలోనే ఉంది.

ప్రతి స్విచ్‌కీ 8 బైట్ల బ్రిడ్జ్ ఐడీ ఉంటుంది: ముందు 2 బైట్ల ప్రయారిటీ, తర్వాత 6 బైట్ల మ్యాక్. ఎవరి ఐడీ చిన్నదైతే వాళ్లే రూట్. ఆ 2 బైట్లలోనూ పై 4 బిట్లే ప్రయారిటీ, కింది 12 బిట్లలో వీల్యాన్ నంబరు కూర్చుంటుంది. అందుకే ప్రయారిటీని 4096 చొప్పునే మార్చగలరు, అందుకే వీల్యాన్ 10లో 32768 + 10 = 32778 కనిపిస్తోంది. అందులో తప్పేమీ లేదు.

మూడింటి ప్రయారిటీ సమానం కాబట్టి విషయం మ్యాక్ దగ్గర తేలింది, 10 చిన్నది కాబట్టి సి గెలిచింది. ఒకే తయారీదారు పరికరాల్లో తరచు పాతవాటి మ్యాక్ చిన్నదిగా ఉంటుంది. అంచేత సెట్టింగులు వదిలేసిన చోట అన్నిటికన్నా పాత స్విచ్ రూట్ కావడం చాలా మామూలు. దీన్ని ఎప్పుడూ ప్రోటోకాల్‌కి వదలకూడదన్నది నా గట్టి అభిప్రాయం.

ఇక బ్లాకింగ్ లెక్క. పాత పద్ధతిలో లింకు కాస్ట్ 10 మెగాబిట్‌కి 100, 100 మెగాబిట్‌కి 19, 1 గిగాబిట్‌కి 4, 10 గిగాబిట్‌కి 2. సి తన బీపీడీయూలో (స్విచ్‌లు ఒకదానికొకటి పంపుకునే స్పానింగ్ ట్రీ సందేశంలో) "రూట్ నేనే, దూరం 0" అని ప్రతి 2 సెకన్లకూ పంపుతుంది. అందుకున్న పోర్టు తన కాస్ట్ కలుపుకుంటుంది. కాస్ట్ కలిసేది పంపేవైపు కాదు, అందుకునేవైపు. చేత్తో లెక్క వేసేటప్పుడు ఎక్కువగా తప్పు జరిగేది ఇక్కడే. ఎ నుంచి సికి నేరుగా 4, బి చుట్టూ తిరిగితే 8. కనుక ఎ లో సి వైపు పోర్టు రూట్ పోర్టు, అంటే రూట్‌కి దగ్గరి దారి. బి సంగతీ అంతే.

మిగిలింది ఎ–బి లింకు. అక్కడ ఇద్దరూ "రూట్‌కి నా దూరం 4" అనే చెబుతారు. సమానమైతే చిన్న బ్రిడ్జ్ ఐడీ ఉన్నవాడు, అంటే బి, ఆ లింకుకి డెజిగ్నేటెడ్ (ఆ లింకు తరఫున తెరిచి ఉండే వైపు). ఎ వైపు పోర్టు రూట్ పోర్టూ కాదు, డెజిగ్నేటెడూ కాదు, కాబట్టి మూతపడింది. ఇప్పుడు బి మీది వాళ్లు సర్వర్‌ని చేరాలంటే సి చుట్టూ తిరిగి వెళ్లాలి.

మార్చాల్సింది ఇంతే. ఎ లో

స్పానింగ్-ట్రీ వీల్యాన్ 1,10,20 ప్రయారిటీ 4096

బి లో అదే కమాండ్ 8192తో. సి ని ముట్టుకోవద్దు. అప్పుడు ఎ రూట్, బి, సి రెండూ ఎ కి నేరుగా కాస్ట్ 4తో చేరతాయి, బి–సి లింకులో సి వైపు పోర్టు బ్లాక్ అవుతుంది. ఆ కమాండ్ ఇచ్చిన క్షణాన ట్రీ మళ్లీ కట్టుకుంటుంది, మీ మోడ్‌లో కనీసం 30 సెకన్ల అంతరాయం ఖాయం. పని లేని వేళ చేయండి.

పక్కన ఒక మాట: రెండు స్విచ్‌ల మధ్య రెండు సమాన లింకులుంటే చివరికి పంపినవాడి పోర్ట్ ఐడీ చూస్తారు (పోర్ట్ ప్రయారిటీ మామూలుగా 128, దాని పక్కన పోర్ట్ నంబరు). కాబట్టి ఏ లింకు తెరుచుకోవాలో మార్చాలంటే పోర్ట్ ప్రయారిటీని రూట్‌కి దగ్గరగా ఉన్న స్విచ్‌లో మార్చాలి. బ్లాక్ కనిపిస్తున్న స్విచ్‌లో ఎంత మార్చినా ఫలితం ఉండదు.

ఇంకొకటి, మీ మూడో ప్రశ్నకి పనికొచ్చేది. బ్లాక్ అయిన పోర్టు డేటా ఫ్రేములను పారేస్తుంది కానీ బీపీడీయూలను వింటూనే ఉంటుంది. అవి వస్తున్నంతకాలమే అది మూసి ఉంటుంది. వినబడడం ఆగితే అవతల ఎవరూ లేరనుకుని తెరుచుకుంటుంది. స్పానింగ్ ట్రీ ఆన్‌లో ఉన్నా వచ్చే లూపులు దాదాపు అన్నీ బీపీడీయూ వినబడకపోవడం వల్ల వచ్చేవే.

---

ట్రంక్_లైన్:

రెండో ప్రశ్న నేను తీసుకుంటాను.

పాత 802.1డిలో పోర్టు పైకి లేవగానే 15 సెకన్లు లిజనింగ్, 15 సెకన్లు లెర్నింగ్, ఆ తర్వాతే ఫార్వర్డింగ్. మొదటి 15లో బీపీడీయూలు మాత్రమే, రెండో 15లో మ్యాక్ అడ్రస్‌లు నేర్చుకోవడం. నెట్‌వర్క్ చివరిదాకా కొత్త సమాచారం చేరకముందే తెరిస్తే తాత్కాలిక లూప్ వస్తుందని ఈ జాగ్రత్త. మామూలు టైమర్లు రెండు కొసల మధ్య 7 స్విచ్‌ల వరకు ఉన్న నెట్‌వర్క్‌ని దృష్టిలో పెట్టుకుని లెక్కగట్టినవి. టైమర్లు తగ్గించి వేగం తెచ్చుకోవాలని చూడకండి, ఆ లెక్క చెడుతుంది.

డీహెచ్‌సీపీ క్లయింటు కొన్నిసార్లు ఈ 30 సెకన్లలోపే అడిగి అడిగి వదిలేస్తుంది. అప్పుడు 169.254తో మొదలయ్యే అడ్రస్ తానే పెట్టుకుంటుంది. నెట్‌వర్క్ బూట్ చేసే యంత్రాలకూ ఇదే గతి.

లింకు తెగినప్పుడు ఇంకా ఘోరం. రూట్‌ని ఎ కి మార్చాక ఎ–బి తెగిందనుకోండి. బి కి రూట్ కనబడదు, "నేనే రూట్" అంటూ సి కి బీపీడీయూ పంపుతుంది. అది తన దగ్గరున్న సమాచారం కన్నా నాసిరకం కాబట్టి సి పట్టించుకోదు, పాత సమాచారానికి మ్యాక్స్ ఏజ్ 20 సెకన్లు దాటేవరకు కాచుకుంటుంది. ఆ మీద 30. మొత్తం 50 సెకన్లు బి మీది వాళ్లకి సర్వర్ ఉండదు.

కాబట్టి మూడు స్విచ్‌లనూ 802.1డబ్ల్యూకి, అంటే ర్యాపిడ్ మోడ్‌కి మార్చండి. అది 2001లోనే వచ్చింది, 802.1డి 2004 ప్రతిలో పాత అల్గారిథమ్‌ని తీసేసి దీన్నే పెట్టారు. మీ స్విచ్‌లలో కమాండ్ బహుశా "స్పానింగ్-ట్రీ మోడ్ ర్యాపిడ్-పీవీఎస్‌టీ". ఇందులో స్విచ్‌లు టైమర్ల కోసం ఆగవు. డెజిగ్నేటెడ్ పోర్టు ప్రపోజల్ పంపుతుంది, కింది స్విచ్ తన మిగతా నాన్-ఎడ్జ్ డెజిగ్నేటెడ్ పోర్టులను మూసి, లూప్‌కి అవకాశం లేదని తేలాక అగ్రిమెంట్ తిరిగి పంపుతుంది, లింకు వెంటనే తెరుచుకుంటుంది. పైన చెప్పిన సందర్భంలో సి ఆ నాసిరకం బీపీడీయూని వినీ విననట్టు వదిలేయదు, "రూట్ ఇటువైపు ఉంది" అని వెంటనే జవాబిస్తుంది.

రెండు షరతులున్నాయి. ఈ వేగం పాయింట్-టు-పాయింట్ లింకుల మీదే దక్కుతుంది. స్విచ్ దాన్ని డ్యూప్లెక్స్ చూసి గుర్తిస్తుంది. ఎక్కడైనా ఒక లింకు హాఫ్ డ్యూప్లెక్స్‌కి (ఒకసారికి ఒకే దిక్కున పంపే స్థితికి) పడిపోతే దాన్ని షేర్డ్ అనుకుని మళ్లీ టైమర్లకే వెళుతుంది. రెండోది, కంప్యూటర్ పోర్టులన్నీ ఎడ్జ్ పోర్టులుగా (అవతల స్విచ్ లేని చివరి పోర్టులుగా) గుర్తించి ఉండాలి. సిస్కో భాషలో పోర్ట్‌ఫాస్ట్. కంప్యూటర్ ప్రపోజల్‌కి జవాబివ్వదు కదా, ఎడ్జ్ అని చెప్పకపోతే ర్యాపిడ్ మోడ్‌లోనూ అక్కడ 30 సెకన్లు ఆగాల్సిందే.

ఎడ్జ్ పెట్టకపోతే ఇంకో నష్టం కూడా ఉంది, అది బయటికి కనబడదు. నాన్-ఎడ్జ్ పోర్టు ఫార్వర్డింగ్‌కి వచ్చిన ప్రతిసారీ ర్యాపిడ్ మోడ్ టోపాలజీ చేంజ్ ప్రకటిస్తుంది, స్విచ్‌లన్నీ నేర్చుకున్న మ్యాక్‌లను చెరిపేసుకుంటాయి. ఎవరో కంప్యూటర్ రీస్టార్ట్ చేస్తే చాలు, కాసేపు యూనికాస్ట్ (ఒక్క యంత్రానికే ఉద్దేశించిన) ఫ్రేములు కూడా అన్ని పోర్టులకూ వెళతాయి. పాత మోడ్‌లోనైతే మ్యాక్ ఏజింగ్ 300 సెకన్ల నుంచి తాత్కాలికంగా 15కి పడుతుంది. "షో స్పానింగ్-ట్రీ డీటెయిల్" చూడండి, ఎన్ని మార్పులు జరిగాయో, చివరిది ఏ పోర్టు నుంచి వచ్చిందో చెబుతుంది. మీ దగ్గర ఆ సంఖ్య పెద్దగానే ఉంటుంది.

ఎడ్జ్‌ని స్విచ్‌ల మధ్య లింకు మీద మాత్రం పెట్టకండి.

---

పోర్ట్_గార్డ్:

మూడో ప్రశ్న. ముందు స్తంభించడం ఎందుకంత తీవ్రంగా జరిగిందో చూద్దాం, మందు దాన్నిబట్టే.

ఐపీ ప్యాకెట్‌కి టీటీఎల్ ఉంటుంది, తిరిగి తిరిగి సున్నా అయితే పోతుంది. ఈథర్నెట్ ఫ్రేముకి అలాంటిదేదీ లేదు. ఆ చిన్న స్విచ్‌లోకి ఒక ఏఆర్‌పీ బ్రాడ్‌కాస్ట్ (ఐపీకి మ్యాక్ ఏదని అందరినీ అడిగే ఫ్రేము) వస్తే లూప్ కేబుల్ రెండు చివరల నుంచీ, రెండు దిక్కులా తిరుగుతూనే ఉంటుంది. ప్రతి చుట్టుకీ ఒక నకలు అప్‌లింకు ద్వారా మీ స్విచ్‌లోకి వస్తుంది. 1 గిగాబిట్ పోర్టు 64 బైట్ల ఫ్రేములను సెకనుకి 14,88,095 దాకా మోయగలదు. అది బ్రాడ్‌కాస్ట్ కాబట్టి వీల్యాన్ 10లోని ప్రతి యంత్రమూ ప్రతి ఫ్రేమునూ చదవాలి. దానికి తోడు, ఆ ఫ్రేము మొదట పంపింది మీ గేట్‌వే అయితే దాని మ్యాక్ ఇప్పుడు ఆ టేబుల్ పోర్టు వైపు ఉందని మీ స్విచ్ నేర్చుకుంటుంది. గేట్‌వేకి వెళ్లాల్సిన మామూలు ట్రాఫిక్ కూడా లూప్‌లోకి వెళ్లి పడుతుంది. లాగ్‌లో ఒక మ్యాక్ రెండు పోర్టుల మధ్య ఫ్లాప్ అవుతోందని వచ్చేది అందుకే.

ఎస్‌టీపీ ఎందుకు పట్టలేదంటే రెండు అవకాశాలున్నాయి, రెండూ వేరు.

ఒకటి, ఆ చిన్న స్విచ్ బీపీడీయూలను మామూలు మల్టీకాస్ట్‌లా దాటిస్తుంది. అప్పుడు మీ స్విచ్ పంపిన బీపీడీయూ తిరిగి అదే పోర్టుకి వస్తుంది. మూల అల్గారిథమ్ ప్రకారం అది తన సమాచారం కన్నా మెరుగైనది కాదు, కాబట్టి పోర్టు డెజిగ్నేటెడ్‌గానే ఉండిపోతుంది. కొన్ని పరికరాలు సొంత బీపీడీయూని గుర్తుపట్టి పోర్టు ఆపుతాయి, అన్నీ కాదు. ఇక్కడ బీపీడీయూ గార్డ్ కచ్చితంగా పనిచేస్తుంది. ఎవరిదైనా సరే, బీపీడీయూ వచ్చిందంటే పోర్టుని ఎర్ర్-డిజేబుల్‌కి (పోర్టు ఆపేసిన స్థితికి) పంపుతుంది.

రెండు, ఆ చిన్న స్విచ్ బీపీడీయూని మింగేస్తుంది. బీపీడీయూ వెళ్లే 01:80:సి2:00:00:00 అడ్రస్ రిజర్వుడు శ్రేణిలోది, ప్రమాణం పాటించే బ్రిడ్జి దాన్ని దాటించకూడదు. చిన్న స్విచ్ ఆ నియమం పాటిస్తూ, తాను ఎస్‌టీపీ నడపకపోతే, మీ స్విచ్‌కి ఏమీ వినబడదు. బీపీడీయూ గార్డ్ కూడా ఏం చేయలేదు. ఇక్కడ కావాల్సింది స్టార్మ్ కంట్రోల్ (బ్రాడ్‌కాస్ట్‌లకి హద్దు పెట్టేది), లేదా మీ తయారీదారు సొంత ప్రోబ్ ఫ్రేములతో చేసే లూప్ డిటెక్షన్. ఆ ప్రోబ్ వేరే అడ్రస్‌కి వెళుతుంది కాబట్టి చిన్న స్విచ్ దాన్ని దాటిస్తుంది.

యూజర్ పోర్టులకి నేను పెట్టమనేది: ఎడ్జ్ + బీపీడీయూ గార్డ్ + బ్రాడ్‌కాస్ట్ స్టార్మ్ కంట్రోల్ 1 శాతం, హద్దు దాటితే షట్‌డౌన్ చర్య. 1 గిగాబిట్‌లో 1 శాతం అంటే చిన్న ఫ్రేములు సెకనుకి దాదాపు 14,880. మామూలు కంప్యూటర్ దాని దరిదాపులకి రాదు. అయినా పెట్టే ముందు మీ పోర్టుల్లో బ్రాడ్‌కాస్ట్ కౌంటర్లు చూసి నిర్ణయించండి. చర్య చెప్పకపోతే చాలా స్విచ్‌లు ఎక్కువైన ఫ్రేములను పారేసి ఊరుకుంటాయి, లూప్ అలాగే సాగుతుంది, మ్యాక్ ఫ్లాప్ ఆగదు.

ఎర్ర్-డిజేబుల్ నుంచి ఆటోమేటిక్ రికవరీ పెట్టుకోవచ్చు, వ్యవధి మామూలుగా 300 సెకన్లు. లూప్ తీయకుండా పోర్టు పైకి లేస్తే మళ్లీ మూతపడుతుంది, పెద్ద నష్టం లేదు.

---

యాక్సెస్_పోర్ట్:

ఇంత వివరంగా చెప్పినందుకు చాలా కృతజ్ఞతలండీ. ఇలా చేద్దామనుకుంటున్నాను, తప్పులుంటే చెప్పండి:

– మూడూ ర్యాపిడ్ మోడ్, ఎ 4096, బి 8192.
– స్విచ్‌ల మధ్య పోర్టులన్నిటికీ రూట్ గార్డ్, లూప్ గార్డ్ రెండూ.
– యూజర్ పోర్టులకి ఎడ్జ్, బీపీడీయూ గార్డ్, స్టార్మ్ కంట్రోల్. కంప్యూటర్లకి బీపీడీయూలు అనవసరంగా వెళ్లకుండా బీపీడీయూ ఫిల్టర్ కూడా.
– తర్వాత ఎ–బి మధ్య రెండో ఫైబర్ వేసి ఎల్‌ఏసీపీతో (లింకులను ఒకటిగా కట్టే ప్రోటోకాల్) కలపడం.
– డి అనే నాలుగో స్విచ్ రాబోతోంది, అది వేరే తయారీదారుది.

---

రూట్_బ్రిడ్జి:

రెండో అంశం ఇలాగే పెడితే త్రిభుజం అసలు ప్రయోజనమే పోతుంది. రూట్ గార్డ్ అంటే "ఈ పోర్టు ఎప్పటికీ రూట్ వైపు దారి కాదు" అని చెప్పడం. బి లో సి వైపు పోర్టుకి అది పెట్టారనుకోండి. ఎ–బి తెగిన రోజు బి కి ఎ ని చేరే దారి సి ఒక్కటే. సి నుంచి "రూట్ ఎ" అని మెరుగైన బీపీడీయూ వస్తుంది, రూట్ గార్డ్ దాన్ని నేరంగా చూసి పోర్టుని మూసేస్తుంది. బి ఒంటరి అవుతుంది.

రూట్ గార్డ్ ఎ లోని రెండు పోర్టులకి పెట్టండి, అవి ఎప్పుడూ డెజిగ్నేటెడే. లూప్ గార్డ్ బి లో ఎ వైపు పోర్టుకీ, సి లో రెండు పోర్టులకీ. ఈ రెండూ ఒకే పోర్టు మీద కలిసి పనిచేయవు, చాలా స్విచ్‌లు ఒకటి పెడితే రెండోదాన్ని తీసేస్తాయి.

లూప్ గార్డ్ దేనికంటే, బ్లాక్ అయిన పోర్టుకి లింకు పైకే ఉండి బీపీడీయూలు మాత్రం ఆగిపోయే పరిస్థితికి. ఫైబర్ జతలో ఒక పోగు పాడైనా, అవతలి స్విచ్ ప్రాసెసర్ మునిగిపోయి బీపీడీయూ పంపలేకపోయినా ఇదే జరుగుతుంది. ర్యాపిడ్ మోడ్‌లో 3 హలోలు (2 సెకన్లకోసారి వచ్చే బీపీడీయూలు), అంటే 6 సెకన్లు వినబడకపోతే పోర్టు తెరుచుకోవడం మొదలవుతుంది, లూప్ గార్డ్ ఉంటే తెరవకుండా లూప్-ఇన్‌కన్సిస్టెంట్‌లో ఉంచుతుంది. యూడీఎల్‌డీ (ఒకవైపే పనిచేస్తున్న లింకును పట్టేది) కూడా పెట్టుకోండి, కానీ దాని సందేశాల వ్యవధి సాధారణంగా 15 సెకన్లు కాబట్టి అదొక్కటే చాలదు. ఫైబర్ పోర్టుల్లో ఆటో-నెగోషియేషన్ ఆపకండి. 1 గిగాబిట్ ఫైబర్‌లో ఒక పోగు పోతే రెండు వైపులా లింకు కిందికి దించేది చాలాసార్లు అదే.

---

పోర్ట్_గార్డ్:

బీపీడీయూ ఫిల్టర్ తీసేయండి, దయచేసి. ఇంటర్‌ఫేస్ మీద అది పెడితే ఆ పోర్టు బీపీడీయూ పంపదు, వచ్చినదాన్ని చూడదు. అంటే బీపీడీయూ గార్డ్‌కి చూడడానికి ఏమీ మిగలదు, ఆ పోర్టులో స్పానింగ్ ట్రీ ఆపేసినట్టే. రెండు గోడ సాకెట్ల మధ్య ఎవరైనా కేబుల్ వేస్తే అంతే సంగతులు. 2 సెకన్లకో చిన్న ఫ్రేము వల్ల కంప్యూటర్‌కి ఏ భారమూ లేదు.

ఎల్‌ఏసీపీ మంచి ఆలోచన. ఎస్‌టీపీకి ఆ రెండు ఫైబర్లూ ఒకే పోర్టులా కనిపిస్తాయి, ఒకటి పోతే ట్రీ మారదు. రెండు వైపులా యాక్టివ్ మోడ్ పెట్టండి, "ఆన్" వద్దు. ఒకవైపు బలవంతంగా ఆన్ ఉండి రెండోవైపు విడి పోర్టులుగా ఉంటే, బండిల్ వైపు నుంచి బీపీడీయూ ఒకే తీగ మీద వస్తుంది, రెండో తీగ మీద ఏమీ వినబడదు, విడి వైపు రెండూ తెరుచుకుంటాయి. పంపిన ఫ్రేములే వెనక్కి వస్తాయి.

---

ట్రంక్_లైన్:

డి స్విచ్ గురించి. మీ మూడింటిలో ప్రతి వీల్యాన్‌కీ వేరే ట్రీ. ప్రామాణిక స్విచ్‌కి అర్థమయ్యేది వీల్యాన్ 1 మీద వెళ్లే ప్రామాణిక బీపీడీయూ ఒక్కటే, మిగతా వీల్యాన్‌ల బీపీడీయూలను అది మామూలు మల్టీకాస్ట్‌లా దాటిస్తుంది. డి కొసన ఒకే లింకుతో ఉంటే ఇబ్బంది లేదు. రెండు లింకులతో చుట్టులో భాగమైతే ఏ వీల్యాన్‌లో ఏది బ్లాక్ అయిందో ఊహించడం కష్టమవుతుంది. అందుకే ప్రయారిటీ కమాండ్‌లో వీల్యాన్ 1 కూడా చేర్చమన్నది, దాన్ని వదలొద్దు. ట్రంక్ (చాలా వీల్యాన్‌లను మోసే లింకు) రెండు చివరలా నేటివ్ వీల్యాన్ (ట్యాగ్ లేకుండా వెళ్లేది) ఒకటే ఉండాలి.

డి కి రెండు లింకులు ఇవ్వాలనుకుంటే నాలుగింటినీ ఎమ్ఎస్‌టీపీకి (చాలా వీల్యాన్‌లను ఇన్‌స్టన్స్‌లనే కొన్ని ట్రీలుగా కలిపే ప్రమాణం) మార్చడమే శుభ్రం. రీజియన్ పేరు, రివిజన్ నంబరు, వీల్యాన్–ఇన్‌స్టన్స్ పట్టిక, ఈ మూడూ అక్షరం తేడా లేకుండా కలవాలి, పేరులో పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా కూడా లెక్కే. కలవకపోతే ఆ స్విచ్ వేరే రీజియన్ అయిపోతుంది. తర్వాత వీల్యాన్‌లు చేర్చినప్పుడల్లా పట్టిక మార్చే అవస్థ రాకుండా, ఇప్పుడే వీల్యాన్ శ్రేణులన్నీ ఇన్‌స్టన్స్‌లకు పంచేయండి.

మళ్లీ స్టార్మ్ వస్తే స్విచ్‌లను రీబూట్ చేయకండి. లూప్ అక్కడే ఉంటుంది, లాగ్ మాత్రం పోతుంది. రిమోట్ లాగిన్ పనిచేయకపోవచ్చు, కన్సోల్ కేబుల్ దగ్గర ఉంచుకోండి. లాగ్‌లో మ్యాక్ ఫ్లాప్ అవుతున్న రెండు పోర్టులు చూడండి, వాటిలో ఇన్‌పుట్ బ్రాడ్‌కాస్ట్ రేటు ఎక్కువున్నదాన్ని షట్ చేయండి. అది మరో స్విచ్ వైపు పోర్టైతే ఆ స్విచ్‌కి వెళ్లి మళ్లీ అదే పని, చివరి యూజర్ పోర్టు దొరికేదాకా.

అన్నీ పెట్టాక పరీక్ష తప్పనిసరి. బి మీది ఒక యంత్రం నుంచి సర్వర్‌కి సెకనుకొక పింగ్ నడుపుతూ ఎ–బి ఫైబర్ తీయండి. ఒకటి రెండు పింగ్‌లు పోతే మామూలే. 30 సెకన్లు ఆగిపోతే ఎక్కడో ఒక లింకు టైమర్లకి పడిపోయిందని అర్థం. మూడింటిలోనూ "షో స్పానింగ్-ట్రీ వీల్యాన్ 10" ఇచ్చి చివరి నిలువు వరుసలో టైప్ చూడండి. పీ2పీ బదులు షేర్డ్ అని ఉంటే డ్యూప్లెక్స్ సరిచేయండి. పీర్ ఎస్‌టీపీ అని ఉంటే అవతలివాడు ఇంకా పాత మోడ్‌లో ఉన్నాడు. మార్చాక కూడా అలాగే చూపిస్తే "క్లియర్ స్పానింగ్-ట్రీ డిటెక్టెడ్-ప్రోటోకాల్స్" ఇవ్వండి, ఒకసారి పాత మోడ్‌కి దిగిన పోర్టు కొన్నిసార్లు దానంతట అది పైకి రాదు.